అక్కకు చదివి వినిపించిన ప్రోగ్రాం

ఒక్కరి కోసం నడిపితే బంగారంలా నడుస్తుంది. ఇద్దరి కోసం నడిపితే కొంప ముంచుతుంది. మూడు రోజులుగా ఇదీ నా బతుకు.

నేను పనిచేసేది గ్రంథాలయంలో, వెనక వైపు కంప్యూటర్ల గదిలో. ఎవరైనా ఒక పుస్తకం కావాలని పేరు రాయించుకుంటే, అది రాగానే "మీ పుస్తకం వచ్చింది" అని వాళ్లకు ఉత్తరం పంపే ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. నేనే రాశాను, ఇంకొకరి మీదికి తోసెయ్యడానికి కూడా లేదు. సోమవారం పొద్దున్నే డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకాయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. తను అడిగింది చదరంగం పుస్తకమట. దాంతోపాటు పసిపిల్లలకు పాలు మాన్పించే పుస్తకం కూడా వచ్చిందని ఉత్తరం అందిందట. "ఇది ఎవరి కోసమో మా ఆవిడ అడుగుతోందమ్మా, ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఆయన వెనకే ఒక కాలేజీ అమ్మాయి. ఆమె ఉత్తరంలో పాలు మాన్పించడమూ ఉంది, చదరంగమూ ఉంది, చివర్న ఆమె అడిగిన పుస్తకమూ ఉంది.

లైబ్రేరియన్ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. "శుక్రవారం దాకా ఉత్తరాలు ఆపేద్దాం, మీరు చూడండి" అని 'మీరు' దగ్గర కాస్త ఒత్తి వెళ్లిపోయారు.

ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే సగం పని అయిపోయినట్టే. ఫలానా వరుసలో ఫలానా తప్పు అని పైథానే చెప్పేస్తుంది. ఇది అలా కాదు. నోరు మెదపదు. చెయ్యాల్సిందంతా చేసి బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. అడుగడుగునా ఏం జరుగుతోందో తెర మీద రాయించి చూశాను. పెద్దాయన ఒక్కడి కోసం నడిపాను, చదరంగం ఒక్కటే వచ్చింది. అమ్మాయి ఒక్కదాని కోసం నడిపాను, ఆమెదొక్కటే వచ్చింది. అందరినీ కలిపితే మళ్లీ మొదటికే. కంప్యూటర్‌లో ఉన్న ఏఐని అడిగితే, "చాలా మంచి ప్రశ్న" అని నన్ను మెచ్చుకుని, ఏమీ తప్పులేని వరుసను దిద్దిపెట్టింది. దాని మెప్పు నాకెందుకు, తప్పు ఎక్కడుందో చెప్పి చావచ్చు కదా!

పక్క సీటావిడ, ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఉంటుంది, తన బల్ల మీది ప్లాస్టిక్ బాతు తెచ్చి నా ముందు పెట్టింది. "దీనికి చెప్పుకో" అంది.

అది మా వృత్తిలో అందరికీ తెలిసిన చిట్కా. మన ప్రోగ్రాంను వరుస వరుసా గట్టిగా ఎవరికైనా వివరిస్తూ పోతే, ఎక్కడో ఒకచోట మన నోరే మనల్ని పట్టిస్తుంది. వినేవాళ్లకు అర్థం కానక్కర్లేదు. బాతుకు పది వరుసలు చెప్పాను. పదకొండో వరుసకు నాకే సిగ్గేసింది. బాతు ఊఁ కొట్టదు. ఊఁ కొట్టకపోతే నాకు మాట ముందుకు సాగదు, చిన్నప్పటి నుంచీ అంతే.

నాకు పద్నాలుగేళ్ల పాటు ఊఁ కొట్టింది మా అక్క. అక్కది టైలరింగ్ షాపు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మిషను తొక్కుతూ, నేను చదివిన ప్రతి వరుసకూ ఊఁ అనేది. మధ్యలో ఏదో ఒక వెర్రి ప్రశ్న వేసేది. దానికి జవాబు చెప్పబోతుంటే నా తప్పు నాకు కనిపించేది. "దొరికిందక్కా!" అని ఫోను టక్కున పెట్టేసేదాన్ని. థాంక్స్ కూడా ఎప్పుడూ చెప్పలేదు. అక్కకు థాంక్స్ ఏమిటి?

పదకొండు నెలల క్రితం, ఒక రోజు మా కంప్యూటర్ల గదిలో అందరం కలిసి ఒక తప్పు వెతుకుతున్నాం. ఫోను స్పీకరులో పెట్టాను. అక్క ఎప్పటిలాగే అడిగింది, "ఆ అంకె ఎక్కణ్ణించి వస్తుందే?" అని. నాకు అప్పటికే తల వేడెక్కి ఉంది. "అబ్బా, గుడ్డలు కుట్టుకునేదానివి, నీకు ఇవన్నీ ఎందుకక్కా!" అన్నాను. గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. అటువైపు మిషను ఆగింది. "అవున్లే" అంది అక్క, అంతే.

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. పుట్టినరోజుకు మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపింది. వెళ్లి కాళ్ల మీద పడి ఉండాల్సింది. వెళ్లలేదు. నా పొగరు అలాంటిది. కానీ ఏ చిన్న తప్పు దొరికినా "దొరికిందక్కా" అని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఒక్కోసారి ఏ తప్పూ లేని ప్రోగ్రాం ముందేసుకుని, దీన్ని అక్కకు ఎలా చెప్పేదాన్నో అని ఊరికే అనుకుంటూ కూర్చునేదాన్ని.

గురువారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లాక, ల్యాప్‌టాప్ తీసుకుని వెనక మెట్ల మీదికి వెళ్లాను. అక్క సెల్‌కు కాదు, షాపు నంబరుకు చేశాను.

"చెప్పండి" అంది అక్క. కొలతలకు వచ్చేవాళ్లతో మాట్లాడే గొంతు.

"నేనే."

అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. పదకొండు నెలలుగా నేను కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "అక్కా, ఒక తప్పు దొరకట్లేదు" అన్నాను.

అక్క అడిగింది, "పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మెట్ల మీద ఉన్నా."

"స్పీకరు?"

"లేదక్కా. ఒట్టు."

"సరే, చెప్పు."

చెప్పాను. "ముందు ఒక మనిషిని తీసుకుంటాం." ఊఁ. "ఆ మనిషి అడిగిన పుస్తకాలు చూస్తాం." ఊఁ. "ఒక్కొక్కటే ఖాళీ బుట్టలో వేస్తాం."

"ఆ బుట్ట ఎవరిస్తారు?"

"నేను ఇవ్వకపోతే పైథానే ఇస్తుంది. ఖాళీది."

"మనిషి మారినప్పుడల్లా కొత్తదా?"

'ఆఁ, కొత్తదే' అనబోయాను. అనలేకపోయాను. కొత్తది కాదు. ప్రోగ్రాం మొదలైనప్పుడు చేసిపెట్టిన ఒకే ఒక్క బుట్ట, ప్రతి మనిషికీ అదే చేతికొస్తోంది. పాలు మాన్పించే పుస్తకం ఎవరో తల్లి అడిగింది అందులోనే ఉండగా పెద్దాయనది పడింది, ఆయనది ఉండగా అమ్మాయిది పడింది. ఒక్కరికే నడిపితే ఎందుకు బాగుందో అదీ తెలిసింది. ఒక్క వరుస మారిస్తే చాలు. మూడు రోజుల తలనొప్పి రెండు నిమిషాల్లో పోయింది.

దొరికిందక్కా అనలేదు. అన్నానంటే అక్క ఫోన్ పెట్టేస్తుంది.

"కొత్తదే అనుకుంటానక్కా" అన్నాను, పచ్చి అబద్ధం. "తర్వాతి వరుస..." అంటూ చదువుకుంటూ పోయాను. అక్క ఊఁ అంటూనే ఉంది. మిషను మళ్లీ మొదలైంది, కుట్టు కుట్టుకూ ఆగుతోంది, సాగుతోంది. నా ఫైలు మొత్తం నలభై వరుసలు. అయిపోగానే ఇంకో ఫైలు తెరిచి, ఊపిరి తిప్పుకోకుండా అది మొదలుపెట్టాను. మూడు వరుసలకు ఊఁ వినిపించింది. నాలుగోదానికి వినిపించలేదు.

"దొరికింది కదూ?" అంది అక్క.

"ఆఁ" అన్నాను.

"ఎక్కడ?"

"పదకొండో వరుసలో."

"మరి ఇప్పుడు చదువుతున్నదేంటే?"

"ఇది వేరే ఫైలు" అన్నాను. "దీంట్లో తప్పేం లేదక్కా. బాగానే పనిచేస్తోంది. ఆ రోజు నేను..."

"ఆగు, ఆగు. అది ఇప్పుడు ఎత్తావంటే నేను ఏడుస్తాను. చేతిలో కాలర్ ఉంది, కుట్టు వంకర పోతుంది." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఆ బాగున్న ఫైలే చదువు."