తేనె కొత్త

మా కొట్లో బెల్లం దిమ్మ పగలగొట్టే పని నాదే. గునపంతో ఒక్క దెబ్బ వేస్తే దిమ్మ రెండవుతుంది, చుట్టూ ముక్కలు రాలతాయి. పెద్ద ముక్కలు కాటా మీదికి పోతాయి, చిన్నవి నా నోట్లోకి పోతాయి. మా ఆయన బతికున్న రోజుల నుంచీ ఇంతే. నేను పుట్టింది అనకాపల్లి దగ్గర, బెల్లం వండే ఊళ్లో. అక్కడ రాలిన ముక్కని ఎవరూ తిండి కింద లెక్కెయ్యరు. పెళ్లయి చింతపల్లి వచ్చాక కూడా నేను ఆ లెక్క మార్చలేదు.

అందుకని ఆస్పత్రిలో డాక్టరు, "తీపి ఎక్కువ తింటారా?" అని అడిగితే, లేదని చెప్పాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు.

నేను వెళ్లింది మోకాళ్ల కోసం. కొట్లో కూర్చుని చేసే వ్యాపారానికి మోకాళ్లతో పెద్దగా పనిలేదు. నా దిగులు గంగ గురించి.

గంగ నా నేస్తం. పెళ్లయిన కొత్తలో ఒక సంతరోజు ఇద్దరం ఒకే రకం చీర కట్టుకుని ఎదురుపడ్డాం. ఒకే మూటలవాడి దగ్గర కొనుక్కున్నామన్నమాట. సంతంతా నవ్వింది. పెద్దవాళ్లు ఊరుకోక, అమ్మవారి గుడి దగ్గర పూలు మార్పించి నేస్తం కట్టించారు. నేస్తాలు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. ఒకరు పెట్టింది ఇంకొకరు వద్దనరు. అప్పటినుంచి ప్రతి సంతకీ గంగ కొండ దిగి వచ్చేది. పసుపూ చింతపండూ అమ్ముకుని, మా కొట్టు మెట్ల మీద కూర్చుని, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ కబుర్లు చెప్పేది.

కిందటి వానాకాలం వాళ్ల ఊరి కింద గెడ్డలో నీళ్లు దాటుతూ జారిపడింది. తుంటి విరిగింది. అతికింది గానీ కొండ దిగడానికి పనికిరాదన్నారు. వాళ్ల ఊరికి జీపు గెడ్డ దాకానే వెళ్తుంది. అక్కడినుంచి నిటారుగా కాలిబాట. ఆమె దిగలేదు, నేను ఎక్కలేను. మధ్యలో కొండ ఒక్కటీ ఆరోగ్యంగా ఉంది.

కార్తీకంలో ఒకసారి ప్రయత్నించాను. మొదటి మలుపు దగ్గరే ఒక రాయి మీద కూలబడ్డాను. జీపు నడిపే బుజ్జిబాబు వెతుక్కుంటూ వచ్చాడు. పక్కనే నిలబడి నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"పిన్నమ్మా, నిన్ను డోలీలో మొయ్యాలంటే నలుగురు గావాల. ఆ నలుగుర్నీ మళ్లీ దింపడానికి ఇంకో నలుగురు గావాల. ఊళ్లో అంతమంది మగోళ్లు లేరు. లెగు."

ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరు మాత్రలు రాసి, తిండి సంగతి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. పేరు తేజస్వి, నర్సీపట్నం పిల్ల. నా బరువు చూసి, కాగితం మీద ఏదో రాసి, మెల్లగా చెప్పింది.

"అమ్మా, పదికిలోల పిండి బస్తా వీపున కట్టుకుని తిరుగుతున్నారు మీరు. అది దింపితే మోకాళ్లు వాటంతటవే మాట వింటాయి."

"మామిడికొత్త నాటికి దిగుతుందా?"

"మామిడికొత్తకి ఏముంది?"

కొండ మీద మామిడిపిందె ఎంత వేలాడినా, కొత్త పండగ చేసి అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. గంగ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. మొదటి ముక్క నేస్తం తినాలి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు. ఈ మోకాళ్ల నొప్పి రాకముందు ఏటా వెళ్లి తినివచ్చేదాన్ని. ఈ ఏడు వెళ్లకపోతే ఇక మమ్మల్ని కలిపే దారి లేదు. ఇదంతా తేజస్వికి చెప్పాను. ఆ అమ్మాయి క్యాలెండరు చూసింది.

"దింపుదాం. పంచదార, బెల్లం మానెయ్యండి. మరీ తీపి తినాలనిపిస్తే ఒక పండు, లేదంటే రాగిజావలో కొంచెం తేనె. రోజూ నడవండి."

ఇందులో తేనె అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. కొంచెం అన్న మాట అంతగా వినిపించలేదు.

పంచదార మానేశాను. బెల్లం ముక్కలు రాలితే చీపురుతో ఊడ్చి చీమలకు వేశాను. మధ్యాహ్నం భోజనమయ్యాక కష్టంగా ఉండేది. బజారు సద్దుమణుగుతుంది, ఎండకి బెల్లం మెత్తబడి వాసన మొదలవుతుంది, నా చెయ్యి దానంతటది గునపం వైపు వెళ్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం ఫోనులో ఒక వీడియో వచ్చింది. తెల్ల లాల్చీ వేసుకున్న ఒకాయన, మిల్లులో తయారైన తీపే విషం, ప్రకృతి ఇచ్చిన తీపి అమృతం అంటున్నాడు. తేనె, తాటిబెల్లం, ఖర్జూరం, ఎండుద్రాక్ష అని వేళ్లు ముడిచాడు. ఆయన మొహం ప్రశాంతంగా ఉంది. నాకు నచ్చాడు.

అప్పటినుంచి పద్ధతిగా తిన్నాను. పొద్దున్న రాగిజావలో తేనె. మధ్యాహ్నం గుమ్మడికాయ తాటిబెల్లంతో ఉడకబెట్టి. సాయంత్రం ఖర్జూరం, నువ్వులు కలిపి దంచిన ఉండలు. మధ్యలో ఏమీ తోచకపోతే ఎండుద్రాక్ష. తేనెకి లోటు లేదు. నాకు మోకాళ్లు బాగోలేదని విని గంగ ప్రతి వారం బుజ్జిబాబు జీపులో సీసా పంపేది. నేస్తం పంపింది వద్దనకూడదు, రుచి చూడకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు. రుచి చూశాక ఇవ్వబుద్ధి కాదు.

మాఘమాసంలో మా కొట్టు కాటా ఎక్కాను. ఆస్పత్రిలో చూసినప్పుడు మూడు పాతిక కిలోల బియ్యం బస్తాలూ, పైన పిండి బస్తా ఉన్నదాన్ని, ఇప్పుడు దాని మీద మరికొంత చూపించింది. కాటా పాడైందేమోనని దిగి, బియ్యం బస్తా పెట్టి చూశాను. బస్తా సరిగ్గానే ఉంది.

తేజస్వి దగ్గరికి వెళ్లాను.

"పంచదార మానేశారా?"

"మానేశాను."

"బెల్లం?"

"గునపం కూడా లోపల పెట్టేశాను."

"మరి ఏం తింటున్నారు?"

చెప్పాను. ఆ అమ్మాయి రాసుకోవడం మొదలుపెట్టి, గుమ్మడికాయ దగ్గర పెన్ను కింద పెట్టేసింది.

"తేనె ఎంత వేస్తున్నారమ్మా జావలో?"

"గరిటెడు."

"చెంచా చాలు. రోజుకి అదొక్కటే."

"ప్రకృతి సిద్ధమైనది కదమ్మా."

"మీరు కూడా ప్రకృతి సిద్ధమేనమ్మా. బరువు పెరగలేదా? తీపి ఎక్కడినుంచి వచ్చినా ఒంటికి తీపే. ఖర్జూరంలో పీచు ఉంది, మంచిదే, ఒకటో రెండో తింటే. మీరు ఉండలు చేసి తింటున్నారు. కొన్నాళ్లు తేనె సీసా ఇంట్లోనే లేకుండా చూడండి. ఎదురుగా ఉంటే మీరు ఆగరు."

ఆ మాట నిజం. కానీ సీసా ఇంటికి రాకుండా ఆపాలంటే నేస్తానికి వద్దని చెప్పాలి. వద్దని చెప్పకూడదు. కాబట్టి నెపం డాక్టరు మీదకి నెట్టాను. తేనె తినకూడదని డాక్టరు అన్నాడని గంగతో చెప్పమని బుజ్జిబాబుని పంపాను.

మర్నాడు వాడు జీపులోంచి ఒక కోడి, పెద్ద పనసకాయ, రెండు సీసాల తేనె, నల్లదారం కట్టిన ఒక వేరు దించాడు.

"ఇదేటిరా?"

"నువ్వు సెప్పమన్నదే సెప్పేను, పిన్నమ్మా. డాక్టరు తేనె తినొద్దన్నాడూ అన్నాను. తేనె కూడా ఇమడనంత రోగమా అని ఏడుపు మొదలెట్టింది. కోడి పులుసెట్టుకోమంది. ఏరు మెళ్లో కట్టుకోమంది. తేనె మాత్రం డాక్టరుకి తెలీకుండా తాగమంది."

కోడి పులుసు పెట్టుకున్నాను. వేరు కట్టుకున్నాను. తేనె సంగతి చెప్పక్కర్లేదు.

ఇలా జరుగుతుండగా మామిడికి పిందె పడింది. ఒకరోజు బుజ్జిబాబు కొట్టు మెట్ల మీద కూర్చుని సోడా తాగుతూ గంగ వాళ్ల ఊరి మీద కోపంగా ఉన్నాడు.

"సెట్టు నిండా పిందె, పిన్నమ్మా. సెయ్యి సాపితే అందుతాది. గుంటలందరూ ఆ సెట్టు కిందే ఆడతన్నారు, ఒక్క గుంటడు ముట్టడు. నాను ఒకటి కొయ్యబోతే ముసలోళ్లు కర్రలట్టుకుని వచ్చీసేరు. కొత్త అవలేదంట."

"నోరూరదా ఆ పిల్లలకి?"

"ఎందుకూరదు? సొంగ కార్సుకుంటానే ఆడతన్నారు. కొత్తయ్యాక తిందుమని."

వాడు సోడా తాగి లేచేలోపు నాకు సంగతి తట్టింది. వద్దనడం తప్పు. ఇంకా కాలేదనడం తప్పు కాదు.

"బుజ్జీ, నేస్తంతో ఇలా చెప్పు. ఈ ఏడు నా తేనెకి కొత్త అవలేదని చెప్పు. మామిడికొత్తనాడు వాళ్ల అరుగు మీద కూర్చుని, ఆమె చేత్తో పెడితే అప్పుడు తింటానని చెప్పు. అందాకా ముట్టనని చెప్పు."

"తేనెకి కొత్తేటి? ఎక్కడా ఇన్లేదు."

"ఆమెకి తెలుస్తుందిలే."

ఆ వారం సీసా రాలేదు. బుజ్జిబాబు ఒక్కడే వచ్చాడు.

"సరే అన్నాది. నేస్తం నోరు కట్టుకుంటే నాను ఊరికే కూకోడం న్యాయం కాదన్నాది. అడ్డపొగ మానీసింది."

నేను అంతదాకా అనుకోలేదు. గంగ ఆ పొగ చిన్నప్పటినుంచి కాలుస్తోంది.

ఇంట్లో మిగిలిన సీసాలకి మూతలు బిగించి, మైనం రాసి, అటక మీద పెట్టాను. మధ్యాహ్నం బెల్లం వాసన వచ్చే వేళకి బుగ్గలో ఒక మిరియపు గింజ పెట్టుకునేదాన్ని. నాలిక దాని గొడవలో అది ఉండేది. అప్పటికీ ఆగకపోతే కొట్టుకి తెర వేసి, కాఫీతోటల దారిలో నడిచి వచ్చేదాన్ని. మొదట్లో పెద్ద కళ్లం దాకా, తర్వాత తోట పై అంచు దాకా. రాగిజావలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయతో తాగాను. మొదటి వారం అది శిక్షలా ఉంది. తర్వాత జావలా ఉంది.

కబుర్లు మాత్రం జీపు మీద నడిచాయి.

"నేస్తం ఎలా ఉందిరా?"

"పొగ లేక పిచ్చెత్తిపోతన్నాది. కోడల్ని తిడతాది, మేకల్ని తిడతాది. నిన్న నన్ను ఊరికే తిట్టింది. ఊరంతా నీ మీద గుర్రుగా ఉన్నారు, పిన్నమ్మా."

"నేను మిరియం నములుతున్నానని చెప్పు."

మరుసటి వారానికి జవాబు వచ్చింది. ఆమె కూడా మిరియం నమిలి చూసిందట. ఉమ్మేసిందట. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటోందట.

ఎండలు ముదిరేసరికి బెల్లం వాసన వస్తే, బెల్లం వాసన వచ్చింది అనుకునేదాన్ని. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. కాటా కూడా మెల్లగా దిగివచ్చింది. ముందు తేనెతో ఎక్కినది దిగింది, ఆ తర్వాత పిండి బస్తాలో సగం పైగా దిగింది. తేజస్వి కాగితం చూసి, ఇంకొంచెం ఉందంది. ఇంకొంచెం దిగేదాకా మామిడికొత్త ఆగదని చెప్పాను.

పండగనాడు పొద్దున్నే బుజ్జిబాబు గెడ్డ దగ్గర దించాడు. నమ్మకం లేక వాడూ నా వెనకే బయలుదేరాడు. కార్తీకంలో కూలబడ్డ రాయి దాటాను. రెండో మలుపులో కూర్చున్నాను, మూడో మలుపులో కూర్చున్నాను. ఆ తర్వాత మలుపు లేనిచోట కూడా కూర్చున్నాను. ప్రతిసారీ లేచాను. చివర్న డప్పుల చప్పుడు దగ్గరైంది.

గంగ ఇంటిముందు అందరూ ఉన్నారు. పూజ అయిపోయింది, మామిడిముక్కలు ఆకుల్లో ఉన్నాయి, ఎవరూ ముట్టలేదు. పిల్లలు నన్ను చూసిన చూపులో ప్రేమ లేదు. గంగ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చిక్కింది. నన్ను పైనుంచి కిందకి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, చెమట కూడా ఉంది కాబట్టి.

"ఏటి నేస్తం, ఇలాగైపోయినావు? సగం మనిషివి లేవు."

"సగం ఉన్నాను కాబట్టే వచ్చాను."

"బేగి తిను. ఇందరం నీ నోటికేసి సూత్తన్నాం."

మామిడిముక్క తిన్నాను. పళ్లు పులిసిపోయాయి. ఆకుల మీదికి చేతులన్నీ ఒక్కసారి పోయాయి. తర్వాత గంగ డొప్పలోంచి ఒక చెంచా తేనె తీసి నా నోట్లో పెట్టింది. ఘాటుగా, పొగవాసనతో, బాగుంది. రెండో చెంచా పెట్టింది. నేస్తం పెట్టింది వద్దనకూడదు, తిన్నాను. మూడోది ఎత్తింది. నేను వద్దనలేదు, నోరు మాత్రం తెరవలేదు. చెంచా కాసేపు గాలిలో ఉంది. ఆమె నా మొహం చూసి, దాన్ని తన నోట్లో పెట్టుకుంది.

పొద్దు వాలుతుంటే బుజ్జిబాబు లేచాడు. "పిన్నమ్మా, దిగుదుమా? కింద జీపు కాడ పేసింజర్లుంటారు."

లేచాను. బాట దాకా వెళ్లి, మొదటి రాతి మీదికి కాలు దించాను. మోకాలు వంగి, అక్కడే ఆగి, నాకు మాత్రమే వినిపించేలా ఒక మాట చెప్పింది. రెండో మోకాలు కూడా అదే చెప్పింది. ఇన్నాళ్లూ అందరం ఎక్కడం గురించే మాట్లాడుకున్నాం. దిగడం గురించి డాక్టరు అనలేదు, తేజస్వి అనలేదు, నాకూ తట్టలేదు.

"ఏటయింది?" అని గంగ అరుగు మీద నుంచి కేకేసింది.

"దిగలేను."

"మరి ఉండిపో."

"కొట్టో, పిన్నమ్మా?" అన్నాడు బుజ్జిబాబు.

"తాళం వేసే వచ్చాను. ఎవరైనా అడిగితే కొండ మీద ఉందని చెప్పు."

వాడు నా వైపూ గంగ వైపూ చూసి, డోలీ గురించి ఏదో గొణుక్కుంటూ దిగి వెళ్లిపోయాడు. నేను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వచ్చాను. గంగ అరుగు మీద పక్కకి జరిగింది. వానాకాలం నుంచి చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. ముందు కోడలి సంగతి మొదలుపెట్టింది.