మేమా, మనమా?

హైదరాబాద్ శాలిబండలో ఆ గల్లీ వాళ్లకి జనవరి ఇరవై ఆరంటే ముందు కొబ్బరికాయ, తర్వాతే జెండా. కాయ కొట్టేది ఆగమ్మ. మున్సిపాలిటీలో ఊడ్చి ఊడ్చి రిటైరైన మనిషి, ఇరవై ఏళ్లుగా ఆ హక్కు ఆమెదే. ఈసారి నందకిశోర్ అడ్డం పడ్డాడు. పూజారి గారి మనవడై ఉండీ గుడి గడప తొక్కని వకీలు. ప్రజాస్వామ్యంలో పూజలేమిటి, రాజ్యాంగ పీఠిక చదువుదాం అని నెల రోజులు అందరి బుర్రలూ తిన్నాడు.

బస్తీ పెద్ద రాజన్నకు విసుగొచ్చింది. "సరే వకీల్ సాబ్, చదివియ్యి. అందరి నోళ్లు కలిస్తే ఏటేటా నీ పద్ధతే. ఒక్క నోరు కదలకున్నా మళ్ల కొబ్బరికాయే. లొల్లి వద్దు."

ఇంకేం, నందకిశోర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన లాల్చీ తొడిగి, రాజ్యాంగం పుస్తకాన్ని పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు. చెప్పులతో దగ్గరికొచ్చిన వాళ్లను కసిరాడు కూడా. తానేం చేస్తున్నాడో ఆ మహానుభావుడికి తెలిస్తేగా!

"భారతదేశ ప్రజలమగు మేము..." అన్నాడు మైకులో. గల్లీ అంతా అంది, ఆగమ్మ తప్ప. ఆమె గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నందకిశోర్ మైకు దించి ఆమె వైపు తిరిగాడు.

"అనవేంది అవ్వా?"

"మేము, మేము అనవడితిరి. మేమంటే మీరే గద బిడ్డా! నన్నైతే పక్కకు నిలవెట్టినవ్. మనము అను, నేను గూడ అంట."

"అమ్మో! అండ్ల అక్షరం మార్చొద్దు. అపచారం!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. గల్లీ గొల్లున నవ్వింది. "ఎంతైనా పంతులు మనవడివి భాయ్!" అంటూ రాజన్న కడుపు పట్టుకున్నాడు.

నందకిశోర్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. అంతమందిలో నవ్వనిది ఆగమ్మ ఒక్కతే. ఇరవై ఏళ్ల ముచ్చటను లాక్కుని, ఆమెను ఒక్క మాటైనా అడగలేదని అప్పుడు తట్టింది. మైకు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పవ్వా."

ఆగమ్మ కొంగు సవరించుకుంది. "భారతదేశ ప్రజలమగు మనము," అంది.

గల్లీ అంతా అంది. రాజన్న నోళ్లన్నీ లెక్కగా చూసుకుంటూ వచ్చాడు. ఇక మిగిలింది నందకిశోర్ నోరే.

చిన్నప్పుడు తాత ముందు కూడా పొల్లు పోనివ్వని నందకిశోర్, జన్మలో మొదటిసారి మంత్రం తప్పు చదివాడు. నోరారా చదివాడు.