ఎడమ పక్క పరిగి, కుడి పక్క వికారాబాద్

గౌసియాబీ పాలిషు మిషన్ల కింద చేరే తెల్ల బురదను ఎత్తిపోస్తూ ఆ మాటలన్నీ చెవులారా విన్నది. 1981 వేసవి. తాండూరు బండల యార్డులో ఆఫీసు ముందు ఆమె కొడుకు నజీరు, వాడితోపాటు లారీలకు బండలెత్తే బాలప్ప నిలబడ్డారు. వాళ్ళెదుట కుర్చీలో గుమాస్తా చంద్రశేఖర్. మాల్ కొన్న ఏ పార్టీకి ఎన్ని బండలు, ఏ లారీలో, ఎన్నింటికి చేరాలి, అన్నీ అతనే నల్లబోర్డు మీద రాస్తాడు. రాసిందే యార్డుకు శాసనం.

"సారూ, గిట్ల రాస్తే ఎట్ల?" అన్నాడు బాలప్ప. "ఎడమ పక్క పరిగి మిల్లు మాల్, కుడి పక్క వికారాబాద్ సినిమా హాలు మాల్! పరిగిల ఒక్క పక్కనే దించితే రెండో పక్క ఆగుతదా?"

లారీలో నిలువుగా కొయ్య చట్రం కట్టి, దానికి ఇటూ అటూ బండలను నిలబెట్టి ఆనిస్తారు. నడుమ వరిగడ్డి పెడతారు. దించేటప్పుడు ఇటు ఒకటి తీస్తే అటు ఒకటి తీయాలి. ఒక పక్క ఖాళీ అయిందా, రెండో పక్క బరువు చట్రాన్ని తోసుకుని మీద పడుతుంది. ఇది బండలెత్తే ప్రతివాడికీ తెలుసు. కుర్చీలో కూర్చున్నవాడికి తెలియదు.

"నువ్వొచ్చి గీ కుర్చీల కూసో బాలప్పా. నేను పోయి బండలెత్తుత," అన్నాడు చంద్రశేఖర్.

"నీతోని ఏమైతది సారూ! బోర్డు తుడిస్తేనే నడుం పట్టుకుంటవ్."

అందరూ నవ్వారు. లోపలి నుంచి యార్డు యజమాని సేటు గొంతు వినపడేసరికి నవ్వు ఆగిపోయింది.

"నాలుగింటికి హాలు కాడ మాల్ ఉండాలె. రెండు లారీలు ఏడికెల్లి తేవాలె? ఇష్టం లేనోడు పక్కకు జరుగుండ్రి. కుల్కచర్ల దిక్కుకెల్లి మస్తు మంది వస్తరు పనికి."

నజీరు చెయ్యి చాపాడు. "అయితే గదే చిట్టీ మీద రాసి దస్కత్ వెట్టు సారూ."

గౌసియాబీ బురద ఎత్తడం ఆపి కొడుకు వైపు చూసింది. పెద్దవాళ్ళతో వీడికెందుకీ నోరు? భర్తను బండల గని మింగిన నాటి నుంచి ఆమెకు భయమే తోడు. కొడుకు ఘడియ ఆలస్యమైతే చాలు, వీధి మొగదాకా పోయి నిలబడేది. చంద్రశేఖర్ విసుగ్గా రాసి సంతకం చేశాడు. నజీరు చిట్టీని అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మీ, ఫికర్ జేయకు," అంటూ లారీ ఎక్కాడు.

పొద్దు గూకే వేళకు లారీ తిరిగొచ్చింది. నజీరు వెనక కూర్చున్నాడు. ఒళ్ళో బాలప్ప తల ఉంది. బాలప్పలో ప్రాణం లేదు.

బాలప్ప భార్య శాంతవ్వ లారీ చక్రానికి తల కొట్టుకుంటుంటే, జరిగింది నజీరు ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. పరిగిలో ఎడమ పక్క ఆఖరి బండ తీసి, కింద గడ్డి ఏరుతున్నాడు బాలప్ప. చట్రం ఒరిగింది. పది మంది కలిసి బండలెత్తి బయటికి లాగారు. ప్రాణముంది. వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు అక్కడి డాక్టరు. డ్రైవర్ మిల్లులోంచి ఫోన్ చేస్తే చంద్రశేఖర్ ఏమన్నాడు? మాల్ మళ్ళీ పేర్చుకోండి. ముందు హాలు కాడ దించండి, అటునుంచి అటే దవాఖానకు పోండి.

"హాలు గేటు కాడ గంటన్నర ఆగిందమ్మీ లారీ," అన్నాడు నజీరు. "నీళ్ళు అడిగిండు. ఇచ్చిన. ఇంకెన్ని బండలున్నయిరా అని అడిగిండు. ఇరవై అన్న. నలభై ఉండె."

మరునాడు తెల్లవారగానే గౌసియాబీ రక్తం అంటిన అంగీ ఉతకబోయింది. జేబులో చిట్టీ తగిలింది. నాలుగో తరగతి చదువు ఆమెది. పొయ్యి ముందు కూర్చుని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. 'ఎడమ పక్క పరిగి, కుడి పక్క వికారాబాద్. పరిగిలో ఎడమ పక్క మాత్రమే దించవలెను. నాలుగు గంటల లోపల హాలుకు చేరవలెను.' కింద సంతకం.

ఈ కాగితం వీడి దగ్గర ఉన్నదని సేటుకు తెలిస్తే? పోలీసులు ఇల్లు సోదా చేస్తే? బాలప్ప పోయాడు, ఇక నజీరే. ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. కాగితం మంటలో ముడుచుకుపోయింది. ఆ పొయ్యి మీదే కొడుకుకు చాయ్ పెట్టింది.

చాయ్ తాగకముందే జీపు వచ్చింది. బండలు అడ్డదిడ్డంగా పేర్చి మనిషి చావుకు కారణమైనాడని నజీరు మీద కేసు. "నా జేబుల చిట్టీ ఉంది సార్! చదువుండ్రి!" అని అరుస్తూ వాడు అంగీ కోసం వెతికాడు. తడి అంగీ దండెం మీద ఉంది. జేబు ఖాళీ. వాడు తల్లి ముఖం చూశాడు. వాడికి తెలిసిపోయింది. తనే వెళ్ళి జీపు ఎక్కాడు. నాలుగు తిట్టి ఉంటే ఆమెకు ఊపిరాడేది.

యార్డు గేటు ముందు జనం చేరారు. లారీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. హమాలీ సంఘం యాదగిరి బండ మీదికెక్కాడు.

"బోర్డు తుడిచేసిండ్రు. ఇగ ఆ చిట్టీ ఒక్కటే ఆధారం. యాడుంది?"

"నేను కాల్చిన," అన్నది గౌసియాబీ.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నది. ఈసారి అందరికీ వినపడింది.

"ఎంత పని జేసినవ్ గౌసియక్కా!" అన్నాడు యాదగిరి. "సేటుకు అమ్ముడువోయిందిరా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. శాంతవ్వ జనాన్ని తోసుకుని వచ్చి ఎదుట నిలబడింది.

"నా మొగణ్ణి వాళ్ళు ఒకపారి సంపిండ్రు. నువ్వు రెండోపారి సంపినవ్."

గౌసియాబీ తల దించుకోలేదు. దించుకుంటే పడిపోతుంది. "భయమైందమ్మా. కొడుకు పోతడని భయమైంది. కాపాడుకుంట అనుకున్న. నా చేతులతోని నేనే పట్టిచ్చిన." మళ్ళీ తనే అన్నది: "గాని నేను సదివిన. ఒక్కొక్క అక్షరం యాదికుంది."

చాయ్ బండి పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసింది. సేటు గోడ తెల్లగా సున్నం వేసి ఉంది. జానెడేసి అక్షరాలతో ఆ మూడు వాక్యాలూ రాసింది. కింద గుమాస్తా పేరు.

జనం నోరు తెరుచుకుని చూశారు. అప్పుడు ఒక ముసలి హమాలీ ముందుకొచ్చాడు. "నాది గూడ రాయి. పోయిన దసరాకు ముందు, జహీరాబాద్ లారీ. గిట్లనే రెండు పార్టీల మాల్. నా కాలు అప్పుడే ఇరిగింది." ఆమె రాసింది. "నాది రాయి. నా తమ్మునిది రాయి." బొగ్గు అరిగితే ఇంకోటి అందించారు. గోడ నిండుతుంటే యాదగిరి గొంతు చించుకున్నాడు. "ఇగ మాల్ ఎట్ల పేర్చాలె, ఏది ముందు దించాలె, మనమే చెప్తం! గా మాట బోర్డు మీద పడేదాకా ఒక్క బండ లేవది!" లేవది, లేవది అని మూడు వందల గొంతులు అన్నాయి.

చంద్రశేఖర్ ఉరికొచ్చాడు. బురద ఎత్తే ఆడవాళ్ళను పిలిచాడు. "ఏయ్, కడుగుండ్రి ఆ గోడ!"

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నది. మిగతావాళ్ళూ బోర్లించారు.

జీపు మళ్ళీ వచ్చింది. "ఎవరి రాత ఇది?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

గౌసియాబీ చేతిలో బొగ్గుతోనే ముందుకొచ్చింది. భయం ఎక్కడికీ పోలేదు. "నాదే సార్. కోర్టుల గూడ గిదే రాస్త," అన్నది.

ఆమె రెక్క పట్టుకుని లాగుతుంటే శాంతవ్వ అడ్డమొచ్చింది.

"నిన్ను మాఫ్ జేయలే," అన్నది. "ఎన్నటికీ జేయ. గాని ఆ బొగ్గు ఇటియ్యి."

శాంతవ్వకు అక్షరాలు రావు. జీపు కదులుతుంటే గౌసియాబీ మెడ తిప్పి చూసింది. శాంతవ్వ గోడ మీద ఒక లారీ గీసింది. నడుమ ఒక నిలువు గీత. దానికి ఒక పక్క బండలు, ఒకదాని వెనక ఒకటి. రెండో పక్క ఒక మనిషి, వంగి, గడ్డి ఏరుతూ.