అద్దెజుట్టు

మెడ మీద కత్తి ఆగిన చోట తడిగుడ్డతో ఒత్తి, సెలూన్ బాబాయ్ రెండడుగులు వెనక్కి వేసి తల వెనకభాగాన్ని పరీక్షగా చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన మనుషుల్ని వెనకనుంచే గుర్తుపడుతున్నాడు. ముఖం అద్దంలో ఉంటుంది, తల చేతిలో ఉంటుంది, చేతిలో ఉన్నదాన్నే నమ్మాలని ఆయన వాదన. ఈ రోజు మాత్రం చేతిలో ఉన్నదాని మీద కూడా మనసు నిలవడం లేదు. గడియారం పదకొండు చూపిస్తోంది. మూడింటికి కూతురు ఊరు విడిచి వెళ్ళిపోతోంది.

ఎదురుగా పాటల హాలు తెరిచినప్పటినుంచి ఆ కొట్టుకు రకరకాల తలలు వస్తున్నాయి. జిగురు పెట్టి జుట్టును నిటారుగా నిలబెట్టేవాళ్ళు ముళ్ళకంపలు. గుండు గీయించుకుని బరువు బూట్లు వేసేవాళ్ళు బోర్లాకుండలు. నుదుటి మీద నూనెతో కెరటం లేపేవాళ్ళు జిడ్డుగాళ్ళు. జుట్టును తాళ్ళలా పేనుకునేవాళ్ళు చీపుళ్ళు. ఒక్కో జట్టుకు ఒక్కో సంగీతం, ఒకరి పాట ఇంకొకరికి గిట్టదు. బాబాయ్‌కి అన్నీ ఒకటే మోత. అందుకని ఒక అట్ట మీద పదకొండు తలలు వెనకనుంచి బొమ్మ గీసి, కింద పేర్లు రాసుకున్నాడు. పేరు రాబట్టడానికి ఆయనకో పద్ధతి ఉంది. కుర్చీలో ఉన్నవాణ్ణి వాడి గురించే అడగడం మర్యాద కాదు. వాడు లేచి వెళ్ళాక, తర్వాత కూర్చున్నవాణ్ణి అడగాలి. వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.

నలభై రోజుల కిందట కూతురు ఒక పక్క గీయించుకుని, రెండో పక్క నీలిరంగు వేయించుకుని ఇంటికి వచ్చింది. ఎవరి చెయ్యో గాని, చెవిపైన గీత వంకరపోయింది. సొంత కూతురు తన కుర్చీలో కూర్చోలేదే అని ఆయన ప్రాణం చివుక్కుమంది. అయినా పిల్ల మనసు నొప్పించకూడదని, తనకూ ఈ లోకం తెలుసని చూపించాలని, అట్ట చూసుకుని వచ్చి మరీ, “ఏమ్మా, నువ్విప్పుడు అద్దెజుట్టువన్నమాట!” అన్నాడు ముద్దుగా. సగం తిన్న కంచం వదిలి ఆ పిల్ల లేచిపోయింది. అప్పటినుంచి ఆయనతో మాట లేదు. “అమ్మా, నీళ్ళ జగ్గు ఇటివ్వమని నాన్నకు చెప్పు” అంటుంది, జగ్గు ఆయన మోచేతి పక్కనే ఉన్నా. “విన్నారుగా, ఇవ్వండి” అంటుంది భార్య. మాట్లాడనంత తప్పు ఏం చేశాడో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఆయనకు అంతుబట్టలేదు.

ఇప్పుడు కుర్చీలో నూనెకెరటం మనిషి ఉన్నాడు. బాబాయ్ పద్ధతి పక్కనపెట్టి అడిగేశాడు.

“ఒక పక్క గీయించుకునేవాళ్ళనేగా అద్దెజుట్టనేది?”

అతను నవ్విన నవ్వుకు మెడమీది పౌడరు లేచింది. “ఎవరు చెప్పారు బాబాయ్?”

“ముళ్ళకంపాయన. వీధిలో పోయే పిల్లని చూపించి చెప్పాడు.”

“అది జుట్టు పేరు కాదు, తిట్టు. పాట రాకుండా ఊరికే వేషం వేసుకు తిరిగేవాళ్ళని అంటాం. మాలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఇంకోటి, ముళ్ళకంప అని వాళ్ళ ముందు అనకు. అది మేం పెట్టిన పేరు.”

“మరి జిడ్డుగాళ్ళని...”

“అది వాళ్ళు పెట్టింది. నువ్వు నాలుగేళ్ళుగా అంటుంటే సరదాకి అంటున్నావులే అనుకున్నా.”

బాబాయ్ అట్ట వైపు చూశాడు. పదకొండు పేర్లూ తిట్లే. రండి బోర్లాకుండా, కూర్చోండి చీపురూ అని నాలుగేళ్ళు ఎంత మర్యాదగా పిలిచాడు! కొట్టుకు రావడం మానేసిన తలలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవి పోతే పోనీ. పెరట్లో బకెట్లు బోర్లించి, చేతులు బొబ్బలెక్కేలా మూడేళ్ళు వాయించిన పిల్లను పట్టుకుని, నీకు పాట రాదు అన్నాడు తను.

రెండు గంటలకు తలుపు తోసుకుని ఆ పిల్లే వచ్చింది, హాల్లో సాధన ముగించుకుని, నేరుగా. కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూస్తూ, “గీత వంకరగా ఉందట. అమ్మ చెప్పింది” అంది.

ఆయన దుప్పటి కప్పాడు. పెదవులు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు. అది అద్దంలో చూసి, ఆ పిల్ల ఆయన వైపున్న చెవిలోంచి ఏదో తీసి ఒళ్ళో వేసుకుంది.

“ఆ మాటకు అర్థం నాకు ఇవాళే తెలిసిందమ్మా. తప్పయిపోయింది.”

“మూడేళ్ళు విన్నావు కదా నాన్నా. అంతా వినే అలా అన్నావనుకున్నా.”

“విన్నాను. అది పాట అని తెలీలేదు.”

కత్తి చెవిపైన మెల్లగా నడిచింది. గీత తిన్నగా వచ్చింది.

“మరి మిమ్మల్ని ఏమంటారమ్మా?”

“మా బ్యాండులో నలుగురం దానిమీదే కొట్టుకు చస్తున్నాం. ఇంకా తేలలేదు.”

బయట వ్యాను హారన్ మోగింది. ఆ పిల్ల లేచి, చెవిపైన వేలితో తడుముకుని చూసుకుంది. కత్తి పట్టుకున్న ఆయన మణికట్టును ఒక్క క్షణం పట్టుకుని వదిలి, వెళ్ళిపోయింది. ప్రదర్శనలిస్తూ ఆరు ఊళ్ళు తిరిగి, ఏడో ఊళ్ళో గది తీసుకుని అక్కడే ఉంటుందట. క్షమించిందో లేదో ఆయనకు తెలియలేదు. వెంటపడి అడగాలో వద్దో కూడా తెలియక, వ్యాను మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

లోపలికి వచ్చి దుప్పటి దులిపితే జుట్టుతోపాటు చిటికెనవేలి కొసంత స్పాంజి ముక్క ఒకటి కిందపడింది. తన వంతుకోసం బల్లమీద కూర్చున్న మనిషిని, “ఇదేమిటండీ?” అని అడిగాడు.

“చెవిలో పెట్టుకునేది. డ్రమ్ములు వాయించేవాళ్ళు పెట్టుకుంటారు, మోత తగలకుండా. ఎవరి మాటైనా వినాలంటే తీయాల్సిందే.”

బాబాయ్ దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. నారింజరంగు ముక్క, రెండు నీలి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వేలితో నొక్కితే అణిగిపోయి, వదిలేస్తే మెల్లమెల్లగా మళ్ళీ ఉబ్బుతోంది.