తీగ పీకేసిన మైకు

నేను ఒక మైకుని. ఇప్పటి సన్నపిల్లల్లాంటిదాన్ని కాదు, బండ మైకుని. తల మీద ఇనుప జల్లెడ, కింద చేతి నిండా పట్టే పిడి. బొంబాయిలో నా కడుపులో పెట్టిన అయస్కాంతం ఎంత బలమైందంటే, మేస్త్రీ మొలతాడుకున్న తాళంచెవులు ఎగిరొచ్చి నన్ను కరుచుకున్నాయి. వాటి వెనకాలే మేస్త్రీ కూడా వచ్చాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

మొదట నన్నొక పార్టీవాళ్ళు కొన్నారు. వాళ్ళ నాయకుడు నాలో ఒక్కసారి తుమ్మితే, కాలవ అవతల పెళ్ళివారు అపశకునమని ముహూర్తం మార్చుకున్నారు. ఆయన ఎన్నికల్లో ఓడిపోయాడు. మైకు బాగోలేదన్నారు. మనుషులంతే, వాళ్ళేం వాగినా తప్పు మైకుదే. అప్పుడు మండపేటలో సౌండు సర్వీసు నడిపే ఏడుకొండలు నన్ను కొనుక్కున్నాడు. అక్కడే నాకు మంగతాయారు దొరికింది.

మంగతాయారు బుర్రకథ చెబుతుంది. భుజాన తంబుర, చేతి బొటనవేలికి తాళం వేసే ఇత్తడి అందెలు, కాళ్ళకి గజ్జెలు. కథ ఎత్తుకునేముందు నన్ను ముట్టుకుని ఆ చేతిని కళ్ళకద్దుకునేది. తర్వాత ఘల్లుఘల్లున ముందుకొచ్చి పాడడం, వెనక్కి వెళ్ళడం, మళ్ళీ రావడం. ఆవిడ ఊపిరి, తమలపాకు వాసన, కథ వేడెక్కితే నాలుగు తుంపర్లు, అన్నీ నావే. వీరుడు కత్తి దూసే ఘట్టం పాడితే సంతలో ముంజికాయలు కోసేవాడి కత్తి దానంతటదే లేచింది. మీరు నవ్వండి. ఎదురుగా కాయ పట్టుకున్నాయన నవ్వలేదు.

ఇంత సుఖానికి దిష్టి తగలకుండా ఉంటుందా? ఏడుకొండలు కొత్త మైకు తెచ్చాడు. వెండి రంగు. పడుకోవడానికి ముఖమల్ పెట్టె. జలుబు చేస్తుందన్నట్టు నెత్తికి స్పాంజి టోపీ. నన్ను గోనెసంచిలో పాత తీగల మధ్య పడేశాడు. ఆ పెట్టెలో బొద్దింక దూరాలని నేను మొక్కని దేవుడు లేడు.

అలాంటి రోజుల్లో మంగతాయారు వచ్చింది. వెంట ఆడబడుచు వరాలు. పక్కన డక్కీ వాయిస్తూ హాస్యం చెప్పేది ఈమే.

"తమ్ముడూ, సోమారం కాకినాడలో గొంతు ఆపరేసనంట. పేణానికేం కాదు గానీ పాట మాత్రం ఉండదని చెప్పేశారు. ఈలోపు నా కత ఒక్కటి రికార్డులో పట్టిపెట్టరా," అంది.

"పట్టేద్దామక్కా. కొత్త మైకు చీమ నడిచినా పడతాది," అన్నాడు ఏడుకొండలు. సంచిలో ఉన్న నా జల్లెడ కాలిపోయింది.

ఊళ్ళో రైసుమిల్లు గోడౌనుకి వెళ్ళాం. భోజనాల వేళ మిల్లు ఆగుతుంది. చుట్టూ ధాన్యం బస్తాలుంటే గొంతు మారుమోగదు. ఏడుకొండలు మూలమూలకీ వెళ్ళి చప్పట్లు కొట్టి చెవి ఒగ్గాడు. చప్పుడు తిరిగొచ్చినచోట ఇంకో బస్తా నిలబెట్టించాడు. ఆ తర్వాత ఆ వెండి రంగుదాన్ని మంగతాయారు నోటికెదురుగా పెట్టాడు.

ఎంత చక్కగా చెడిందో! ఆవిడ ముందుకొస్తే గొంతు పగిలింది, వెనక్కెళితే నూతిలో పడింది. మధ్యలో డక్కీ మోత, అందెల గోల. సంచిలో నేను పండగ చేసుకున్నాను.

"ఈ చీపురుపుల్లకేం చెప్పనురా కత? ఎదర మనిషి లేనట్టుంది," అంది మంగతాయారు.

"అది మైకేంటొదినా, ఊరగాయ జాడీలో గరిట. ఏడుకొండలుచేత నాకించి ఉప్పు సరిపోయిందేమో అడుగు," అంది వరాలు.

మంగతాయారు నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు. వరాలు మొహంలో నవ్వు పోయింది. ఆ గొంతులో ఇంక ఒక్క కథకే బలం ఉంది. అది కూడా చెడిపోతోంది. నా పండగ అక్కడితో ఆగిపోయింది.

ఏడుకొండలు సంచిలో చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగాడు. స్టాండుకి బిగించి ఆవిడ ముందు నిలబెట్టాడు. నేను పొంగిపోయేలోపు నా తోక పట్టుకుని తీగ పీకేశాడు!

"తీగ లేదేంట్రా?"

"నువ్వు దీనికి చెప్పక్కా. వినేది పైన వింటాది," అని ఆ వెండి రంగుదాన్ని దూలానికి కట్టి, నా నెత్తికి జానెడు పైన వేలాడదీశాడు.

పీటల మీద నన్ను కూర్చోబెట్టి మంగళసూత్రం దానిచేత కట్టించినట్టుంది. మంగతాయారు నన్ను ముట్టుకుని కథ ఎత్తుకుంది. నాకెంత దూరంలో నిలబడాలో ఆవిడ పాదాలకి తెలుసు. గొంతు నిలకడగా వచ్చింది. ఊపిరి నాకు తగులుతోంది, పాట పైకి పోతోంది. ఒక కాకి అరవకూడదా అనుకున్నాను.

చివరి ఘట్టంలో గొంతు వణికింది. ఆవిడ నా మెడ గట్టిగా పట్టుకుంది. నా స్టాండు మర వదులు. కాస్త ఊగితే చాలు, ఆ టకటక పైదాని చెవిలో పడి కథంతా పాడైపోతుంది. ఊగుదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? కానీ ఆవిడ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. నా అయస్కాంతమంతా కూడదీసుకుని స్టాండుని కరిచిపట్టాను. ఆవిడ కథ ముగించింది.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది, పాట పోయింది.

దసరా పందిట్లో ఏడుకొండలు మంగతాయారుని మళ్ళీ వేదిక ఎక్కించాడు. ముందు నేను, తీగ లేకుండానే. ఆవిడ వెనకాల, నోటి ఎత్తున సౌండు బాక్సు. జనం రాకముందే అతను పందిరి నాలుగు మూలలా నిలబడి విన్నాడు. మాట ఆవిడ నోట్లోంచే వస్తున్నట్టు కుదిరేదాకా బాక్సుని జరుపుతూనే ఉన్నాడు. గోడౌనులో పట్టిన కథ మొదలైంది. మంగతాయారు తంబుర మీటుతూ, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ, పాటకి తగ్గట్టు పెదవులు కదిపింది. చప్పుడు లేని ఊపిరి నా జల్లెడ మీద పడింది.

ముందు వరసలో ఒక ముసలావిడ పక్కావిడతో అంది: "ఎన్ని చెప్పండి, పాత మైకు పాత మైకేనండీ. ఆ కొత్తవాటికి ఇలాంటి గొంతెక్కడొత్తాది?"

బల్ల మీద ముఖమల్ పెట్టెలో ఉన్న దానికి ఆ మాట వినబడే ఉంటుంది. చీమ నడిచినా వింటుందిగా! ఇప్పుడు కుళ్ళుకునే వంతు దానిది.

నేను కాదనలేదు. కాదందామన్నా నాకు తీగేదీ?