కింది అంగడిలో కిమ్చి

భాగ్యలక్ష్మి మాట ఇచ్చేసింది. మొగుణ్ణి అడగకుండానే ఇచ్చేసింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె కనిపెట్టిన సంగతి ఒకటుంది. వీరభద్రయ్యను ముందు అడిగితే ఆలోచిస్తాడు. ఆలోచిస్తే కాదంటాడు. అడగకుండా చేసేస్తే మాత్రం, ఆ పని తానే చేయించినట్టు నలుగురికీ చెప్పుకుంటాడు.

"నువ్వేం దిగులు పడాకు అఫ్సానా. అంగడి యాడికీ పోదు. ఆదివారం మధ్యాన్నం మా ఆయన్ను భోజనానికి పిలుచుకొస్తా. నువ్వు వండేది వండు, మిగతాది నాకొదిలేయ్," అంది శుక్రవారం పొద్దున, మెట్ల కింద నిలబడి.

అఫ్సానా ఏడవలేదు. ఏడ్చే రకం కాదు. దిగులు పుడితే ముల్లంగి తరుగుతుంది. ఆ పొద్దున బేసిను నిండా తరిగింది.

ఆదోని పత్తి మార్కెట్ వెనక వీధిలో వీరభద్రయ్యది మేడ ఇల్లు. పైన కాపురం, కింద అంగడి. ఏడాది కిందట ఆ అంగడిని అఫ్సానా అద్దెకు తీసుకుంది. పెనుకొండ దగ్గర కొరియా ఇంజనీర్లుండే హాస్టల్లో మూడేళ్లు వంట చేసి, చెయ్యి తిరిగాక, సొంత ఊర్లో కొరియా హోటల్ పెడతానని వచ్చిన పిల్ల. వీరభద్రయ్య లింగాయతు. మాంసం సంగతి దేవుడెరుగు, కోడిగుడ్డు కూడా గడప దాటకూడదన్నాడు. అఫ్సానా సరేనంది. ఆ విధంగా ఆదోనిలో శుద్ధ శాకాహార కొరియా హోటల్ ఒకటి వెలిసింది. ఈ వార్త కొరియాకు చేరిందో లేదో తెలియదుగానీ, ఆదోని కాలేజీలకు మాత్రం చేరింది. ఫోన్లలో కొరియా సీరియళ్లు చూసే పిల్లలు సాయంత్రమైతే కుర్చీలు చాలక, గోడకు ఆనుకుని నిలబడి తినేవాళ్లు. ప్రతి గురువారం వీరభద్రయ్య మార్కెట్‌కు పోగానే భాగ్యలక్ష్మి కూడా దిగివచ్చి తినేది. ఆ సంగతి ఆయనకు తెలియదు. అడిగితే చెప్పేదే. ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అగ్రిమెంటు ఈ నెలతో అయిపోతోంది. ఎమ్మిగనూరులో బట్టల వ్యాపారం చేసే సోమప్ప ఆదోనిలో ఒక శాఖ తెరవాలని ఆ అంగడి మీద కన్నేశాడు. ఆదివారం వచ్చి తాంబూలం మార్చుకుంటానన్నాడు. వీరభద్రయ్య రమ్మన్నాడు. మార్కెట్లో ఎవరో, "ఏమప్పా, మీ ఇంటి కింద కప్పలు మురగబెడతాండారంట గదా," అన్నారట. అదీ ఆయన చెప్పే కారణం. ఒకసారి కప్పల పేరు పడ్డాక ఈ ఊర్లో ఇంకో ఇంటాయన చోటిస్తాడన్న ఆశ అఫ్సానాకు లేదు. ఇక్కడ మూత పడితే మళ్లీ ఏదో ఒక హాస్టల్ వంటింటికి పోవాల్సిందే.

ఆదివారం పొద్దున కాఫీ చేతికిస్తూ భాగ్యలక్ష్మి మొదలుపెట్టింది.

"నాకొకటి తెలీక అడుగుతా. మీరు పత్తి ఎట్లా కొంటారు?"

"ఎట్లా కొంటామే? పింజ లాగి చూసి కొంటాం."

"ఫోన్లో ఫోటో పంపితే కొనరా?"

"ఫోటో చూసి కొనేటోడు వ్యాపారస్తుడా? వేలికి తగలాల. లాగితే ఎంత పొడుగొస్తదో కంటికి కనపడాల."

"అట్లనా. మరి కింద పాప వంట ఒక్క ముద్దన్నా నోట్లో పెట్టకుండా, మార్కెట్లో ఎవరో అన్న మాట మీద రేటు కట్టినారే మీరు."

వీరభద్రయ్య కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తి, ఖాళీ గ్లాసే మరోసారి తాగాడు. వృత్తి మీద దెబ్బ తగిలితే ఆయన అలాగే చేస్తాడు.

"సరే. తింటా. తిని, ఖాళీ చేయమని ఆ పాప ముఖం ముందరే చెప్తా. ధర్మంగా ఉంటది."

"అదే నేను చెప్పేది, ధర్మంగా ఉండాల," అంది భాగ్యలక్ష్మి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇస్త్రీ పంచె, నుదుట విభూతితో వీరభద్రయ్య సొంత మెట్లు దిగి, సొంత అంగడిలోకి చుట్టంలా అడుగుపెట్టాడు. అఫ్సానా ఫ్యాను కింది బల్ల తుడిచి కూర్చోబెట్టింది. వంటింట్లో ఆమె తల్లి వహీదా బీ తలుపు సందులోంచి ఒకసారి చూసి, సలాం చేసి, మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

ముందు చిన్న చిన్న గిన్నెలు ఆరు వచ్చాయి. ఉప్పూ కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ, అదే కిమ్చి. పులుపులో నానిన ముల్లంగి ముక్కలు, నువ్వులు చల్లిన పాలకూర, మొలకలు, సోయా పాల పన్నీరు ముక్కల వేపుడు, గాజులా మెరిసే సన్న సేమ్యా. తర్వాత పెద్ద గిన్నెలో అన్నం, దాని చుట్టూ రంగు రంగుల కూరలు.

ఇనుప పుల్లలు రెండు పక్కన పెట్టింది. వీరభద్రయ్య వాటిని చూసి, "ఇవి దేనికి పాపా?" అన్నాడు.

"తినేదానికే అన్నా. వద్దంటే చెయ్యే మేలు."

వీరభద్రయ్య ముందుగా సేమ్యా పోగొకటి పైకెత్తాడు. రెండు చేతుల వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాడు. సాగింది. ఇంకాస్త లాగాడు. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు తినడం మానేసి చూశారు.

"దేనితో చేసినారు?"

"చిలగడదుంప పిండితోనన్నా."

"పోగు పొడుగుంది," అన్నాడు వీరభద్రయ్య, ఎదుటివాడి సరుకు బాగుందని ఒప్పుకోవాల్సి వచ్చిన వ్యాపారి గొంతుతో. తర్వాత తిన్నాడు.

ఇక్కడ వీరభద్రయ్య ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కంచంలో మెతుకు మిగల్చకూడదు. తిన్నాక అందులో కాసిని నీళ్లు పోసి, వేలితో కలియబెట్టి, ఆ నీళ్లు కూడా తాగెయ్యాలి. తాత చేశాడు, నాయన చేశాడు, ఈయనా చేస్తాడు. కిమ్చి గిన్నె ఖాళీ అయింది. అందులో నీళ్లు పోశాడు. ఎర్రగా అయ్యాయి. గటగటా తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ధర్మం నిలబడింది.

గడప దగ్గర నిలబడి చూస్తున్న అఫ్సానా ముఖం వెలిగిపోయింది. కడిగి మరీ తాగాడంటే ఎంత నచ్చి ఉండాలి! గరిట నిండా కిమ్చి తెచ్చి ఆ గిన్నె నింపింది.

"పాపా, నీతో ఒక మాట చెప్పాలని..." అని మొదలుపెట్టాడు వీరభద్రయ్య.

"తినండన్నా, ముందు తినండి. మాటలు యాడికి పోతాయి?"

ఎదురుగా నిండు గిన్నె. వదిలిపెట్టేందుకు లేదు. తిన్నాడు. నీళ్లు పోశాడు. తాగాడు. ఈలోగా ముల్లంగి గిన్నె ఖాళీ అయిందని అది నిండింది. ముల్లంగి ముగించేసరికి పాలకూర నిండింది. ఆయన ఒకవైపు నుంచి దున్నుకుంటూ వస్తుంటే, ఆమె ఇంకోవైపు నుంచి విత్తుకుంటూ వచ్చింది. కొరియా హోటళ్లలో ఈ చిన్న గిన్నెలు ఎన్నిసార్లు ఖాళీ అయితే అన్నిసార్లు నింపుతారన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

చెప్పగలిగిన మనిషి ఆయన ఎదురుగానే కూర్చుని ఉంది. భాగ్యలక్ష్మి ప్రతి గిన్నెలో ఒక్కో ముక్క ఉంచి, తీరిగ్గా తింటోంది. గురువారాల అనుభవం. ముక్క ఉన్నంతసేపు అఫ్సానా రాదు. లేచే ముందు ఆ ఆరు ముక్కలూ గబగబా నోట్లో వేసుకుంటే ధర్మం కూడా చెడదు.

మూడో విడతకు వీరభద్రయ్య నుదుటి విభూతి చెమటకు కరిగింది. నాలుగో విడతకు పక్క బల్ల అమ్మాయిలు చేతులు కడుక్కుని కూడా పోకుండా కూర్చున్నారు. అఫ్సానా ముల్లంగి గరిటతో ఐదోసారి రాగానే ఆయన రెండు చేతులూ గిన్నె మీద మూతలా పెట్టాడు.

"ఏం పాపా, నన్ను సంపాలనుకుంటాండావా?"

అఫ్సానా బిత్తరపోయింది. "అయ్యో అన్నా! మీరే గదా గిన్నె కడిగి మరీ తాగుతాండారు!"

"అది మా ఇంటి పద్ధతి. తట్టలో మెతుకు విడిస్తే తప్పు."

"ముందర ఖాళీ గిన్నె పెట్టుకొని మనిషి కూర్చుంటే ఊరికే చూసేది మా ఇంట్లో తప్పన్నా. పెనుకొండ హాస్టల్లో ఒక కొరియా పెద్దాయన కూడా అదే నేర్పించినాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి భాగ్యలక్ష్మిని చూశారు. తర్వాత ఆమె ముందున్న ఆరు గిన్నెల్లో మిగిలిన ఆరు ముక్కలను చూశారు.

"ఏమే, నీకు తెలుసునా ఈ సంగతి?"

"ఏ సంగతి? ఇద్దరూ మర్యాదస్తులు. మధ్యలో నేనెందుకు అడ్డమొచ్చేదని ఊరుకున్నా."

వీరభద్రయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వాలనుకున్నాడు, కడుపులో చోటు లేదు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వంట బాగుంది పాపా. అబద్ధం చెప్పేది నాకు చేతగాదు. అయినా... ఆ వాసన ఒకటుందే."

అఫ్సానా గరిట పక్కన పెట్టింది. వంటింట్లో వహీదా బీ కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"కప్పల మాట నమ్మినారా అన్నా?"

"ఛ! కప్పల మాట నేనెప్పుడు నమ్మినా? మార్కెట్లో నోళ్లకేం, ఏమైనా అంటాయి." చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. తగ్గినా అందరికీ వినపడింది. "పొద్దున ఆరు గంటలకు లింగాన్ని అరచేతిలో పెట్టుకొని కూర్చుంటా. కండ్లు మూస్తా. మూసినంతనే కింద నుంచి వస్తది. వెల్లుల్లి, మిరప్పొడి, ఆ పులుపు. నోట్లో నీళ్లూరతాయి. దేవుని ముందర కూర్చుని గుటకలు మింగేదెట్ల పాపా? పదకొండు నెలలైంది. ఒక్క పూజన్నా నిమ్మళంగా చేసినానా నేను?"

పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

భాగ్యలక్ష్మి మాత్రం మొగుణ్ణి కొత్తగా చూసింది. పదకొండు నెలలుగా ఈయన పొద్దున్నే చిటపటలాడుతుంటే చక్కెర జబ్బేమోనని రెండుసార్లు రక్తపరీక్ష చేయించింది.

"ఆరింటికి జాడీల మూతలు తీసేది నేనే అన్నా," అంది అఫ్సానా. "రోజూ ఒకసారి తీసి గాలి పోగొట్టాల. లేకపోతే పొంగుతాయి."

"ఆరింటికే తీయాలని రూలుందా?"

"ఏం లేదు. తొమ్మిదింటికి తీసినా అంతే."

"మరి ఆరింటికి ఎందుకమ్మా తీస్తాండావు?"

అఫ్సానా నసిగింది. "ఆ టైముకు మీరు పూజలో ఉంటారు, ఊదుబత్తి పొగలో మీకు వాసన తెలీదు, అప్పుడు తీసుకోమని... అక్క చెప్పింది."

వీరభద్రయ్య మెల్లగా తల తిప్పాడు. భాగ్యలక్ష్మి తన ముందున్న ముల్లంగి ముక్కను శ్రద్ధగా నోట్లో వేసుకుంది. అది మింగేదాకా మాట్లాడనవసరం లేదు. ఎంత నమిలినా చివరికి మింగక తప్పలేదు.

"ఊదుబత్తి ఇంకో రెండు ఎక్కువ ముట్టించాల్సింది," అంది.

అప్పుడు వీరభద్రయ్య ఫోను మోగింది. సోమప్ప. బల్ల మీదున్న ఫోను మీద ఆ పేరు అఫ్సానా కూడా చదివింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే గరిటతో పాటు తెచ్చిన బేసినులోని ముల్లంగి వైపు పోయింది.

"ఆఁ సోమప్పా, చెప్పప్పా. బయల్దేరినావా? అర్ధగంటనా? రా, రా. భోంచేసినావా?" వీరభద్రయ్య ముఖం విప్పారింది. "చేయలేదా? మంచి పని చేసినావు. ఏం తినాకు. నేరుగా ఈడికే రా."

ఫోను పెట్టేశాడు.

"ఆయప్ప వస్తాండాడా అన్నా?" అంది అఫ్సానా.

"వస్తాండాడు. ఇంకొక ఆరు గిన్నెలు పెట్టు. మనిషికి లేదని చెప్పాలంటే ముందు కడుపు నింపాల. ఖాళీ కడుపుతో ఉండేటోనికి లేదని చెప్తే పాపం తగులుతది."

"లేదని... అంటే?"

"అంటే ఏముందమ్మా, అంగడి లేదని. మూడేండ్లకు రాసుకుందాం. మూతలు మాత్రం తొమ్మిదింటికి. ఒక్క నిమిషం ముందర తీసినా నేను ఒప్పుకోను." అని, భార్య వైపు తిరిగి, చాలాకాలంగా తానే అనుకుంటున్నట్టు చెప్పాడు. "మంచి సరుకుండే అంగడిని ఎవరన్నా వదులుకుంటారా? ఆడోళ్లకు తెలీదు గానీ, వ్యాపారంలో ఇవన్నీ చూసుకోవాల."

"నాకేం తెలుసండి," అంది భాగ్యలక్ష్మి. మిగిలిన ఐదు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి నోట్లో వేసుకుంది. ఊదుబత్తి సంగతి ఆయన సాయంత్రం తప్పకుండా ఎత్తుతాడు. ఎత్తనీ.

అఫ్సానా వంటింటి గడప దగ్గర ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. ఇక్కడే ఉంటామా, పోతామా అని లోపల వహీదా బీ అడిగింది. "రహేంగే అమ్మీ, యహీఁచ్ రహేంగే," అని జవాబు చెప్పింది. తర్వాత కొంగు దోపుకుని బయటికి వచ్చింది.

"అన్నా, ఆ సోమప్పన్న ఎట్ల తింటాడు? కారం పడుతుందా?"

వీరభద్రయ్య పంచె ముడి కాస్త వదులు చేసుకున్నాడు. లేవడానికి ఒకసారి ప్రయత్నించి, లేవలేక, ఉన్నచోటే సర్దుకుని కూర్చున్నాడు. ముఖంలో మార్కెట్లో మంచి బేరం కుదిరిన రోజుండే వెలుగు.

"సోమప్పది కూడా మా మఠమే పాపా," అన్నాడు. "గిన్నె కడిగి తాగే మనిషే. నువ్వు మాత్రం ఖాళీ గిన్నె కనపడితే ఊరుకోవద్దు."