ఒక్క ఇల్లున్నోడు

జగిత్యాల కోర్టు వరండాలో రాజలింగం కేసుకట్టలకు దారం బిగిస్తూ మాటిమాటికీ మెట్లవైపు చూస్తున్నాడు. జమానతు నిలబడతానన్న వెంకటి ఇంకా రాలేదు.

ఎండిన తాటిమట్టలాంటి మనిషి రాజలింగం. పెగడపల్లిలో కల్లు గీయడానికి తాటిచెట్లెక్కే రోజుల్లో నడుముకు కట్టిన మోకు తెగి పడ్డాడు. అప్పటినుంచి ఎడమకాలు వంగదు. చెట్టు విడిచాక సృజన వకీలు దగ్గర గుమాస్తాగా కుదిరి, ఆమె వెనక కట్టలు మోస్తూనే ముసలివాడయ్యాడు. ఆమెవన్నీ పోలీసులకు గిట్టని కేసులే.

ఇప్పటిది మధుకర్‌ది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల సంఘం నడిపేవాడు. మావోయిస్టులకు సాయం చేశాడని లోపలేశారు. హైకోర్టు బెయిలిచ్చింది గానీ ఇల్లో పొలమో పూచీ పెట్టి ఇద్దరు జమానతు నిలబడాలి. ఒక జమానతుకు అతని మేనత్త లస్మవ్వ పొద్దున్నే వచ్చి కూర్చుంది. సాయంత్రంలోగా విడుదల కాకపోతే ఇంకో కేసు తగిలిస్తారని సృజన భయం.

వెంకటి ఫోన్ చేశాడు. "కాకా, రాత్రి పోలీసోళ్లు ఇంటికచ్చిండ్రు. పిల్లలున్నోణ్ని. నేను రాలేనే."

విషయం విని సృజన కుర్చీలో కూలబడింది. లస్మవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నా ఇల్లుంది గద మేడమ్," అన్నాడు రాజలింగం.

"వద్దు. నీకున్నది ఆ ఒక్క ఇల్లే."

"ఒక్కటన్న ఉన్నోడే నిలవడాలె. లేనోణ్ని కోర్టు రానియ్యదాయె."

కోరుట్లలో ఉన్న భార్య భాగ్యకు ఫోన్ చేసి ఇంటికాగితాలు తెమ్మన్నాడు. అటువైపు బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగింది.

"గా పిలగాడు పారిపోతే?"

"నాకేమెర్క. గని లోపలుండేటోడు గాదు."

భాగ్య వచ్చింది. మొగుడి ముఖం చూడకుండా సంచి చేతిలో పెట్టింది. కోర్టు హాలు గుమ్మంలో మఫ్టీ కానిస్టేబుల్ అడ్డం నిలిచాడు.

"ముసలోడా, నీకెందుకే గీ పంచాయితీ? రేపు మీ ఇంటికి రావాల్నా?"

రాజలింగం కాగితాల సంచిని చంకలోకి జరుపుకున్నాడు.

"రాండ్రి సార్. చాయ్ తాగిపోదురు," అని లోపలికి నడిచాడు.

జడ్జి కళ్లద్దాల మీదుగా చూశాడు. "అతను వాయిదాకు రాకపోతే నీ ఇల్లు పోతుంది. తెలుసా?"

"తెలుసు సార్." సంతకం పెట్టాడు.

పొద్దు వాలుతుండగా జైలు చిన్న తలుపులోంచి మధుకర్ వంగి బయటికొచ్చాడు. గడ్డం నెరిసింది. ఎదురుగా పోలీసు జీపు ఆగి ఉంది, ఇంజను మాత్రం ఆపలేదు.

"సిరిసిల్లదాక నేను ఎంబడి పోత మేడమ్," అన్నాడు రాజలింగం, ఎడమ భుజం రుద్దుకుంటూ.

బస్టాండులో బస్సు నిండిపోతోంది. రాజలింగం కాలీడ్చుకుంటూ ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. లస్మవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి మధుకర్ వెనక్కి వచ్చాడు.

"కాకా, జీపు వెనుక రాలే," అంటూ భుజం తట్టాడు.

రాజలింగం తల కిటికీ ఊచకు ఆనింది. కళ్లు బస్టాండు గేటువైపే తెరిచి ఉన్నాయి, రెప్ప పడలేదు.

డ్రైవరు, మధుకర్ కలిసి ఆయన్ను కిందికి దించారు. బస్సులో నిలబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా ఆయన పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. మధుకర్ కోసం రాజలింగం పరిచిన నీలిగళ్ల తువ్వాల దానిమీద అలాగే ఉంది.